టాపిక్ మార్చుకోకండి, వెతికే చోటు మార్చుకోండి

ఆర్కిటెక్చర్ ఫైనలియర్ పిల్లల నుంచి నాకు ఏటా వచ్చే మెసేజ్ ఒకటుంది. "అక్కా, మా టాపిక్ మీద ఏమీ దొరకట్లేదు, మార్చేసుకోనా?" వద్దు తల్లీ, అప్పుడే వద్దు. ఏమీ దొరకట్లేదు అంటే చాలాసార్లు గూగుల్ మొదటి పేజీలో దొరకలేదని, పింటరెస్ట్‌లో బొమ్మలున్నాయి గానీ వాటి ప్లాన్లు లేవని, ఆర్క్‌డైలీ అనే ఆర్కిటెక్చర్ వెబ్‌సైట్లో ఉన్న నాలుగు పేరాలు షీట్ మీదికి ఎక్కించేశాక ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదని. మీరు కట్టే ఫీజులోంచే లైబ్రరీకి జర్నల్సూ డేటాబేసులూ కొంటారు. ఐదేళ్ళూ చదివి ఆ లాగిన్ ఒక్కసారి కూడా వాడకుండా బయటికొచ్చినవాళ్ళని నేను బోలెడుమందిని చూశాను. అందుకే ఈ పోస్టు, కాస్త పెద్దదే, తీరిగ్గా చదవండి.

ముందు ఆర్క్‌డైలీ సంగతి. నేనూ రోజూ చూస్తాను, చూడటంలో తప్పేం లేదు. కాకపోతే చాలా ప్రాజెక్టు పేజీల్లో వివరణ మొదలయ్యే చోట, ఈ వివరణ ఆర్కిటెక్టులే ఇచ్చారు అని ఇంగ్లీషులో ఒక లైను ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. అంటే మీరు కేస్ స్టడీ అని రాసుకుంటున్నది ఆ ఆఫీసువాళ్ళు తమ గురించి తాము చెప్పుకున్న మాటలు. కోర్ట్‌యార్డ్ వల్ల లోపల చల్లగా ఉంటుందని వాళ్ళు రాస్తారు, మీరూ అదే దించేస్తారు, జ్యూరీలో ఎవరో ఒకరు "చల్లగా ఉంటుందని నీకెలా తెలుసమ్మా, కొలిచావా?" అనేసరికి నోట మాట రాదు. బిల్డింగ్ పూర్తయ్యాక జనం దిగకముందు తీసిన ఫోటోల్లో ఆ ప్రశ్నకి జవాబు ఉండదు కదా.

అసలు చిక్కేంటంటే మన సబ్జెక్టుకి ఒకే ఇల్లంటూ లేదు. డాక్టర్లకి పబ్‌మెడ్ ఉంది, ఏం కావాలన్నా ముందు అక్కడికే పోతారు. మనది సగం చరిత్ర, సగం ఇంజనీరింగ్, మధ్యలో సోషియాలజీ, ఆపైన పత్రికలు. కాకతీయుల గుడి మీద రాసేవాళ్ళూ, అపార్ట్‌మెంట్లలో ఎండాకాలం వేడి మీద రాసేవాళ్ళూ, ఇండోర్ నగరంలోని హౌసింగ్ మీద రాసేవాళ్ళూ ముగ్గురూ ఆర్కిటెక్చర్ స్టూడెంట్లే, కానీ ముగ్గురూ వెళ్ళాల్సిన చోట్లు మూడూ వేరు. మా కాలేజీలో ఫలానా డేటాబేస్ ఉంది, అందులో కొట్టాను, రాలేదు అంటే అది టాపిక్ తప్పు కాదు.

అన్నిటికంటే ముందు ఒక తేడా తెలియాలి. కొన్ని డేటాబేసుల్లో వ్యాసం మొత్తం ఉంటుంది, జేస్టోర్ లాంటివి. కొన్నిట్లో వ్యాసం ఎక్కడ అచ్చయిందో ఆ వివరం మాత్రమే ఉంటుంది, వాటిని ఇండెక్స్ అంటాం. ఇండెక్స్ అంటే ఊళ్ళో ఎవరిల్లు ఎక్కడో చెప్పే పెద్దమనిషి, ఆ ఇంటి తాళం ఆయన దగ్గరుండదు. పిల్లలు ఇండెక్స్ తెరిచి, పీడీఎఫ్ బటన్ కనబడక, ఇదేం పనికిరాదని మూసేస్తారు. నిజానికి మన రంగంలో బంగారం లాంటిది ఇండెక్సే.

పేరు ఏవరీ ఇండెక్స్. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీకి ఏవరీ లైబ్రరీ అని ఆర్కిటెక్చర్ కోసమే ఒక లైబ్రరీ ఉంది, 1890లో శామ్యూల్ ఏవరీ అనే ఆయన చనిపోయిన కొడుకు పేరు మీద పెట్టించాడు. ఆ కొడుకు ఆర్కిటెక్టు. అక్కడి లైబ్రేరియన్లు 1934 నుంచి ఆర్కిటెక్చర్ పత్రికలన్నీ ముందేసుకుని ఏ సంచికలో ఏ బిల్డింగ్ వచ్చింది, ఆర్కిటెక్టు ఎవరు, ఏ ఊరు అని కార్డులు రాస్తూ వచ్చారు, ఇప్పుడదంతా ఎబ్స్కో అనే డేటాబేస్ కంపెనీ ద్వారా ఆన్‌లైన్‌లో ఉంది. ఇందులో నాకు బాగా నచ్చేది ఒక చిన్న విషయం. ఒక్కో రికార్డులో బొమ్మల వివరం కూడా రాస్తారు, ఫోటోలు, ప్లాన్లు, సెక్షన్లు, ఎలివేషన్లు, సైట్ ప్లాన్ అని. అంటే ఒకే బిల్డింగ్ గురించి ఐదు పత్రికల్లో వస్తే, సెక్షన్ అచ్చేసింది ఏదో ఆ ఐదూ తెప్పించుకోకముందే మీకు తెలిసిపోతుంది. పాత ఆర్కిటెక్టుల సంతాప వ్యాసాలు కూడా ఇందులో ఎక్కాయి. పెద్దగా పేరు లేని ఒక ఆర్కిటెక్టు ఎక్కడ చదివాడు, ఎవరి దగ్గర పనిచేశాడు అని తెలుసుకోవాలంటే ఒక్కోసారి ఆ సంతాప వ్యాసమే దిక్కు.

మా కాలేజీకి ఏవరీ లేదు అంటారా, చాలా కాలేజీలకి ఉండదు. అప్పుడు లండన్‌లోని రిబా, అంటే బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థ, వాళ్ళ లైబ్రరీ కేటలాగ్ చూడండి, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు, అందులోనూ పుస్తకాలతో పాటు పత్రికల వ్యాసాలు విడివిడిగా ఎక్కించి ఉంటాయి. చార్లెస్ కొరియా తన డ్రాయింగుల ఆర్కైవ్‌ని 2013లో రిబాకే ఇచ్చేశారు, వేల డ్రాయింగులు. మన ఆర్కిటెక్టు మీద పని చేస్తూ లండన్ కేటలాగ్ తిరగేయాల్సి రావడం కొంచెం కడుపుమంటే, కానీ ఉన్నది అక్కడ. అమెరికా పాత పత్రికలు కావాలంటే, ఆర్కిటెక్చరల్ ఫోరం, ప్రోగ్రెసివ్ ఆర్కిటెక్చర్ లాంటివి, యూఎస్ మోడర్నిస్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ సంచికలకి సంచికలే స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది. అందులో ప్రకటనలతో సహా ఉంటాయి. ప్రకటనలని తీసిపారేయకండి, 1950లలో ఏ గాజు, ఏ ఫాల్స్ సీలింగ్ అమ్ముతున్నారో వ్యాసాల కంటే వాటిలోనే బాగా తెలుస్తుంది.

ఇక పూర్తి వ్యాసాలు ఉచితంగా దొరికే చోటు, మనవాళ్ళు అన్యాయంగా పక్కన పెట్టేసే చోటు, ఆర్క్‌నెట్. ముస్లిం దేశాల ఆర్కిటెక్చర్ కోసం పెట్టిందని అనుకుని మనకేం పని అంటారు. అందులో మన దేశం బోలెడంత ఉంది. ఆర్కిటెక్టు దోషి గారి అరణ్య హౌసింగ్ తీసుకోండి, ఎందుకంటే హౌసింగ్ థీసిస్ అనగానే సగం షీట్ల మీద అదే ఉంటుంది. ఇండోర్‌లో 1980లలో మొదలైన ప్రాజెక్టు, 6,500 పైచిలుకు ప్లాట్లు. పేద కుటుంబాలకి పూర్తి ఇల్లు కట్టివ్వకుండా ప్లాటూ, ప్లింతూ, నీళ్ళూ డ్రైనేజీ లాంటి సదుపాయాలూ ఇచ్చి, మిగతాది చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా వాళ్ళనే కట్టుకోనివ్వాలన్నది ఆలోచన. అది ఎలా ఉండొచ్చో చూపించడానికి దోషి బృందం 80 నమూనా ఇళ్ళు కట్టింది. మీరు నెట్‌లో చూసే రంగురంగుల మెట్లూ, ఓట్లా అరుగులూ, బాల్కనీలూ ఎక్కువగా ఆ 80 ఇళ్ళవే. మిగతా వేల ప్లాట్ల సంగతేంటి, జనం ఏం కట్టుకున్నారు, ఎవరు అమ్ముకుని వెళ్ళిపోయారు? కేస్ స్టడీకి అసలు ప్రశ్న అదీ.

అరణ్యకి 1995లో ఆర్కిటెక్చర్‌కిచ్చే ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. ఆ అవార్డుకి ఒక పద్ధతి ఉంది, షార్ట్‌లిస్ట్ అయిన ప్రతి ప్రాజెక్టుకీ ఒక నిపుణుణ్ణి పంపిస్తారు, ఆయన అక్కడ తిరిగి, ఉండేవాళ్ళతో మాట్లాడి, ఖర్చులు, మెటీరియల్స్, నిర్వహణ, వాడకం అన్నీ చూసి రిపోర్టు రాస్తాడు. ఆ సైట్ రివ్యూ రిపోర్టులు ఆర్క్‌నెట్‌లో పీడీఎఫ్‌లుగా ఉన్నాయి. 1981 నుంచి 1992 దాకా వచ్చిన మిమార్ అనే పత్రిక కూడా అక్కడే ఉంది, మూడో ప్రపంచ దేశాల ఆర్కిటెక్చర్ గురించి అంత శ్రద్ధగా వచ్చిన పత్రికలు చాలా తక్కువ. ఒక ఆఫీసు వెబ్‌సైట్లోని వివరణ, అదే ప్రాజెక్టు మీద ఒక పత్రిక వ్యాసం, ఆ సైట్ రిపోర్టు, మూడూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. మూడింట్లో ఏది ఎక్కడ తేడా వచ్చిందో రాసినా మీ కేస్ స్టడీ చాప్టర్ సగం అయిపోయినట్టే.

పేర్ల దగ్గరే చాలామంది బోల్తా పడతారు. హైదరాబాద్ హైకోర్టు మీద రాస్తున్న అమ్మాయి "హైకోర్ట్ హైదరాబాద్ ఆర్కిటెక్చర్" అని కొట్టి లా జర్నల్స్ మధ్యలో ఇరుక్కుపోయింది. బిల్డింగ్ పేరు వదిలేసి ఆర్కిటెక్టు పేరు కొట్టాలి. విన్సెంట్ ఎష్, హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆస్పత్రి, కాచిగూడ స్టేషన్ అన్నీ ఆయన చేతిలోంచి వచ్చినవే. ఆ పేరుతో వెతికితే సౌత్ ఏషియన్ స్టడీస్ అనే జర్నల్‌లో 1993లో టిలట్‌సన్ రాసిన వ్యాసం వస్తుంది, ఎష్ హైదరాబాద్ పనుల మీదే ఉన్న వ్యాసం. అలాగే ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకి ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం ఆర్కిటెక్టు. ఆయన ఈజిప్టులో చేసిన పని మీద రాసినవాళ్ళ దగ్గర కూడా వెతకాలి, అక్కడ కైరో పక్కన హీలియోపోలిస్ కట్టిన మనిషే ఇక్కడికొచ్చాడు.

ఊళ్ళ పేర్లు ఇంకో తలనొప్పి. బెజవాడ, మసూలిపటం, కొకనాడ, వైజాగపటం అని కొడితే తప్ప బ్రిటిష్ కాలం రికార్డులు పలకవు. హన్మకొండ, హనుమకొండ, అనుమకొండ మూడూ వేర్వేరు ఊళ్ళనుకుంటుంది కంప్యూటరు. గెట్టీ అనే అమెరికా సంస్థవాళ్ళ భౌగోళిక పేర్ల కోశం ఉచితంగా ఉంది, అందులో ఒక ఊరికి పాత స్పెల్లింగులు కూడా ఇస్తారు, మొదలుపెట్టడానికి పనికొస్తుంది, మిగతావి మీరే ఒక కాయితం మీద రాసుకుంటూ పోవాలి.

రామప్ప గుడి మీద పనిచేసేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక రామప్ప అని కొడితే టూరిజం పేజీలూ, నీళ్ళ మీద తేలే ఇటుకల వీడియోలూ వరదలా వచ్చిపడతాయి. పాత పండితులకి అది పాలంపేట గుడి. గులాం యాజ్దానీ, నిజాం రాజ్యంలో పురావస్తు శాఖ నడిపిన ఆయన, 1922లో పాలంపేట గుళ్ళ మీద పురావస్తు సర్వే మెమాయిర్స్ వరసలో ఒక పుస్తకం రాశారు. పాలంపేట శాసనం హైదరాబాద్ ఆర్కియలాజికల్ సిరీస్‌లో అచ్చయింది, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని మనం ధీమాగా చెప్పేది ఆ శాసనం చూసే. ఇవేవీ మీ కాలేజీ కొన్న డేటాబేస్‌లో ఉండకపోవచ్చు. ఇవి ఉండేది ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోనూ, ఇండియన్ కల్చర్ పోర్టల్‌లోనూ. 1892 నుంచి వచ్చిన ఎపిగ్రాఫియా ఇండికా అనే శాసనాల సంపుటాలు కూడా అంతే.

యునెస్కో సైట్లో రామప్ప పేజీకి వెళ్ళి డాక్యుమెంట్స్ అన్న ట్యాబ్ నొక్కండి, మన ప్రభుత్వం పంపిన నామినేషన్ ఫైలు మొత్తం ఉంటుంది, మ్యాపులతో, డ్రాయింగులతో. దాని పక్కనే యునెస్కోకి సలహా ఇచ్చే ఐకోమోస్ అనే సంస్థ నిపుణులు ఆ ఫైలుని పరిశీలించి రాసిన నివేదిక. మొదటిది ప్రభుత్వం తన గుడి గురించి తాను చెప్పుకున్నది, రెండోది బయటివాళ్ళు ప్రశ్నలేసింది, రెండూ చదవాలి.

మరి ఓరుగల్లు కోట మీద అయితే జేస్టోర్ బాగా పనికొస్తుంది. ఫిలిప్ వాగనర్, జాన్ హెన్రీ రైస్ కలిసి 2001లో ఆర్టిబస్ ఏషియే అనే జర్నల్‌లో వరంగల్‌లో తుగ్లక్ కాలం కట్టడాల మీద వ్యాసం రాశారు. ఆ వ్యాసం శీర్షికలో సుల్తాన్‌పూర్ అని ఉంటుంది, ఢిల్లీవాళ్ళు ఓరుగల్లుకి పెట్టిన పేరది. ఇలాంటి వ్యాసం ఒక్కటి దొరికితే సెర్చ్ బాక్సు వదిలేసి దాని ఫుట్‌నోట్లు పట్టుకోండి. ఆ ఫుట్‌నోట్లలో కనబడే సగం పేర్లు ఏ కీవర్డుతోనూ మీకు తగలవు.

ఇంగ్లీషులోనే వెతికితే పోయేది ఇంకోటుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1924లో మొదలుపెట్టిన భారతి పత్రిక. మల్లంపల్లి సోమశేఖర శర్మ గారి లాంటివాళ్ళు అందులో శాసనాల మీద, కోటల మీద, గుళ్ళ మీద రాశారు. స్కోపస్ అనే పెద్ద డేటాబేస్‌కి భారతి అంటే ఏంటో తెలీదు, ఏవరీకీ తెలీదు. ప్రెస్ అకాడమీవాళ్ళు పాత సంచికలు స్కాన్ చేసి పెట్టారు గానీ అందులో పదం కొట్టి వెతికే వీల్లేదు, విషయసూచిక పేజీ తెరిచి కళ్ళతో చూసుకుంటూ పోవాల్సిందే. విసుగొస్తుంది. కానీ తెలుగు చదవగలిగిన ఆర్కిటెక్చర్ స్టూడెంటుకి మాత్రమే ఉన్న సౌకర్యం ఇది, ఢిల్లీలోనో లండన్‌లోనో కూర్చుని రామప్ప మీద రాసేవాళ్ళలో ఎంతమంది భారతి తిరగేస్తారు చెప్పండి.

స్కాన్ కాపీల గురించి ఒక హెచ్చరిక, ఇది ఆర్కిటెక్చర్‌వాళ్ళకి తగిలినంతగా ఇంకెవరికీ తగలదు. పాత రిపోర్టుల్లో పెద్ద ప్లాన్లని మడతపెట్టి వెనకాల కుట్టేవారు. స్కాన్ చేసేవాళ్ళు ఆ మడత విప్పరు. పేజీ వరసలో వచ్చినట్టు మడత మీదే ఒక ఫోటో కొట్టి ముందుకెళ్ళిపోతారు. మీకు పీడీఎఫ్‌లో కనబడేది ఒక మూల, ఉత్తర దిక్కు బాణం, శీర్షికలో సగం అక్షరాలు. వ్యాసం మొత్తం ఉంది, మీకు కావలసిన ప్లాన్ తప్ప. అలాంటప్పుడు అదే పుస్తకానికి ఇంకో స్కాన్ ఉందేమో చూడండి, వేరే లైబ్రరీ కాపీని ఎవరైనా జాగ్రత్తగా విప్పి చేసి ఉండొచ్చు. లేదంటే అసలు పుస్తకం దగ్గరికి నడవాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైనది. అలాంటి చోటికి వెళ్ళేటప్పుడు కాలేజీ లెటర్ ఒకటి పట్టుకెళ్ళండి, ఫోటో తీసుకోవడానికి పర్మిషన్ ముందే అడగండి, పుస్తకం పేరే కాకుండా సంవత్సరం, సంపుటి నంబరు రాసి ఇవ్వండి. మడత కాయితాన్ని మీరు విప్పకండి, అక్కడివాళ్ళనే విప్పమనండి, నూరేళ్ళ కాయితం మడత దగ్గర పుటుక్కున తెగుతుంది.

ఇంకోటి, స్కేలు. జర్నల్‌లో ప్లాన్ కింద 1:100 అని ఉంటే దాన్ని నమ్మి స్కేలు పెట్టి కొలిచేవాళ్ళున్నారు. పేజీకి సరిపడా కుదించి అచ్చేసినప్పుడే ఆ 1:100 చెల్లకుండా పోయింది. బార్ స్కేలు ఉంటే అది కూడా డ్రాయింగ్‌తో పాటే కుదించుకుపోతుంది కాబట్టి దాన్ని నమ్మొచ్చు. అది లేకపోతే వ్యాసంలో రాసిన ఒక కొలతనైనా పట్టుకుని సరిచూసుకోండి, అదీ లేకపోతే షీట్ మీద స్కేలు లేదు అని నిజాయితీగా రాసేయండి, ఎవరూ మార్కులు కోయరు.

ఎనర్జీ, కంఫర్ట్, మెటీరియల్స్ వైపు వెళ్ళేవాళ్ళకి ఈ పాత పుస్తకాల గొడవ లేదు, వాళ్ళ ప్రపంచం వేరు. స్కోపస్, సైన్స్‌డైరెక్ట్, గూగుల్ స్కాలర్. అక్కడ ఇండెక్స్ కంటే "దీన్ని ఎవరు ఉటంకించారు" అన్న లింకు ముఖ్యం. ఒక ఉదాహరణ. మాధవి ఇంద్రగంటి గారు 2008 ఎండాకాలంలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో సర్వే చేశారు, ఏసీ మీద ఆధారపడకుండా మామూలు గాలితో నడిచే ఫ్లాట్లలో, అందులో ఉండేవాళ్ళని అడిగి, ఉష్ణోగ్రతలు కొలిచి. 2010లో అప్లైడ్ ఎనర్జీ జర్నల్‌లో వచ్చింది. వాళ్ళకి సుఖంగా అనిపించిన ఉష్ణోగ్రత 29 డిగ్రీల చుట్టూ తేలింది. అప్పటి బిల్డింగ్ కోడ్ ఎండాకాలానికి చెప్పినది 23 నుంచి 26. మే నెలలో ఫ్యాన్ కింద కూర్చునే ఏ హైదరాబాదీకీ ఇది కొత్త సంగతి కాదు, కానీ కొలిచి చూపించడం వేరు. అదే సర్వే మీద ఆమె వేరే జర్నల్స్‌లో కూడా రాశారు, ఒక్క వ్యాసం చదివి సర్వే మొత్తం అయిపోయిందనుకోకండి.

ఇప్పుడా వ్యాసాన్ని తర్వాత ఎవరు ఉటంకించారో నొక్కుతూ పోతే అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ వాళ్ళ ఐమాక్ మోడల్ దగ్గర తేలతారు, లోపల ఎంత ఉష్ణోగ్రత సుఖమో లెక్కగట్టేది. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లోకి వెళ్ళింది ఆ మోడలే. చాలా థీసిస్‌లలో ఇళ్ళకి కూడా కళ్ళు మూసుకుని ఐమాక్ లెక్క వాడేస్తున్నారు. మూల వ్యాసం తెరిస్తే తెలుస్తుంది, అది ఆఫీసు బిల్డింగుల్లో చేసిన సర్వే, ఊళ్ళు అహ్మదాబాద్, బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, సిమ్లా. హైదరాబాద్ లేదు, ఇళ్ళు లేవు. ఇళ్ళ కోసం తర్వాత ఐమాక్-ఆర్ అని వేరే వచ్చింది. సారాంశం చదివి ఆగిపోతే ఇలాంటివి దొరకవు, కనీసం ఎక్కడ, ఎవరి మీద, ఎప్పుడు కొలిచారో చెప్పే భాగం వరకైనా చదవాలి. అసలు కొలతలే కావాలంటే ఆష్రే అనే ఇంజనీర్ల సంఘం వాళ్ళ ప్రపంచ థర్మల్ కంఫర్ట్ డేటాబేస్ రెండో వెర్షన్ ఉచితంగా దింపుకోవచ్చు, మన దేశపు సర్వేలు కూడా అందులో ఉన్నాయి.

డబ్బుల సంగతి. ప్రభుత్వ కాలేజీల్లో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే పథకం ఒప్పుకుంది, మూడేళ్ళకి 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థల జర్నల్స్ దాదాపు 13,000, ఎల్సెవియర్, స్ప్రింగర్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అన్నీ అందులోనే. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకి 2025 జనవరి నుంచి మొదలైంది. హాస్టల్ నుంచి కూడా తెరుచుకునేలా ఇన్‌ఫెడ్ లాగిన్ ఉంటుంది, అది మీ లైబ్రేరియన్ ఇప్పించాలి, వెళ్ళి అడగండి. ప్రైవేటు కాలేజీల పిల్లలకి మాత్రం ఈ పథకం మొదటి దశలో చోటు దక్కలేదు. మన రెండు రాష్ట్రాల్లో ఆర్కిటెక్చర్ కాలేజీల్లో ఎక్కువ ప్రైవేటువే కదా, ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

వాళ్ళకి దారుల్లేకపోలేదు. జేస్టోర్‌లో సొంత ఈమెయిల్‌తో ఖాతా తెరిస్తే నెలకి 100 వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు, డౌన్‌లోడ్ ఉండదు, నోట్సు రాసుకోవాలి, అదీ ఒకందుకు మంచిదే. అన్‌పేవాల్ అనే చిన్న ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్లో పెట్టుకుంటే, డబ్బులడుగుతున్న వ్యాసానికి చట్టబద్ధమైన ఉచిత కాపీ ఎక్కడైనా ఉంటే అది చూపిస్తుంది. మీ కాలేజీకి డెల్‌నెట్ అనే లైబ్రరీల నెట్‌వర్క్‌లో సభ్యత్వం ఉందేమో కనుక్కోండి, ఉంటే వేరే లైబ్రరీ నుంచి పుస్తకమో వ్యాసం కాపీయో తెప్పిస్తారు, చాలా కాలేజీలు సభ్యత్వం కట్టి ఊరుకుంటాయి, అడిగేవాళ్ళుండరు. మన దేశపు పీహెచ్‌డీ థీసిస్‌లు చాలావరకు శోధ్‌గంగ అనే ఉచిత వెబ్‌సైట్లో ఉంటాయి, వాటి నాణ్యత ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది గానీ వెనక రిఫరెన్సుల జాబితా, అనుబంధంలో పెట్టిన కొలత డ్రాయింగులు మాత్రం వదులుకోకండి. ఏదీ కుదరకపోతే వ్యాసం రాసినవాళ్ళకే మెయిల్ పెట్టండి. ఫలానా కాలేజీ, ఫలానా టాపిక్, మీ ఫలానా వ్యాసం కావాలి అని నాలుగు లైన్లు చాలు. తమ వ్యాసం చదువుతామని అడిగితే సంతోషించని పరిశోధకుడు ఉండడు.

దొరికిన రోజే దింపి దాచుకోండి. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి కేటలాగే నెలల తరబడి మూతబడింది, ఇక చిన్నాచితకా వెబ్‌సైట్ల గతి చెప్పక్కర్లేదు. రిఫరెన్సులు దాచిపెట్టే జొటేరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, తెలుగు పేర్లు కూడా శుభ్రంగా తీసుకుంటుంది, దింపగానే అందులో పడేస్తే ఫిబ్రవరిలో రిఫరెన్సుల కోసం రాత్రుళ్ళు మేల్కోవాల్సిన టెన్షన్ ఉండదు. పీడీఎఫ్‌కి పేరు మార్చి పెట్టుకోండి, డౌన్‌లోడ్(14) అన్న ఫైలు జ్యూరీ ముందు రోజు దొరకదు.

చివరగా చాట్‌బాట్ల గురించి, ఎందుకంటే ఈ మధ్య వచ్చే డ్రాఫ్టుల్లో ఇదే పెద్ద గోల. రామప్ప మీద పది వ్యాసాలు చెప్పమంటే అది తడుముకోకుండా పది చెప్తుంది, నిజమైన జర్నల్ పేరు, నిజమైన పండితుడి పేరు, పుట్టని వ్యాసం. చూడటానికి భలే నమ్మకంగా ఉంటాయి. ఏ కీవర్డులు వాడాలి అని అడగండి, పాత స్పెల్లింగులు అడగండి, దానికి బానే పనికొస్తుంది. రిఫరెన్సు మాత్రం దాని మాట మీద పెట్టకండి. డీఓఐ, అంటే వ్యాసానికి ఇచ్చే శాశ్వత లింకు నంబరు, ఉంటే అది తెరుచుకుంటుందా చూడండి, పాత వ్యాసాల్లో చాలావాటికి డీఓఐ ఉండదు కాబట్టి జేస్టోర్‌లోనో రిబా కేటలాగ్‌లోనో ఆ సంపుటి తెరిచి ఆ పేజీల్లో ఆ శీర్షిక ఉందా చూడండి. లేకపోతే ఆ లైను కొట్టేయండి, మీ గైడ్ పట్టుకోకపోయినా బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ పట్టుకుంటారు.